ఇందుమతి గారి ముప్పై ఒక్క పత్రాలు

ఫాల్గుణ బహుళ తదియ

భాండారంలో చదివే ప్రతి పరిశోధక విద్యార్థీ రోజువారీ నమోదు రాసి పెట్టాలని నియమం ఉంది. వాటిని ఎవరూ చదవరు. అందుకని నేను దేన్నీ దాచకుండా రాస్తున్నాను.

ఇవాళ నీళ్ళ వంతు నాది. పొద్దున్నే లంకల నుంచి కొండెక్కి వచ్చే గొట్టానికి వడపోత గుడ్డ మార్చాను. పాత గుడ్డను ఎండలో దులిపితే ఉప్పు రాలింది. ఆ నీళ్ళతోనే భాండారం యంత్రాలు చల్లబడతాయి. మునిగిన ఊళ్ళ పుస్తకాలు, మునగని ఊళ్ళ పుస్తకాలు, పండితులు రాసిన పత్రాలు అన్నీ ఆ యంత్రాల్లోనే ఉన్నాయి. సముద్రపు నీటిని తీపి చేసి పైకి పంపే ఏడో లంక ప్లాంటులో మా అమ్మ నూకరత్నం పని చేస్తుంది. మా ఇంట్లో బడికి వెళ్ళింది నేనొక్కదాన్నే.

గుడ్డ ఆరేస్తుంటే నిల్వ అధికారి శేషశయనం గారు వచ్చారు.

"అమ్మాయ్, ఇందుమతి గారి వార్షిక నివేదిక ఈసారి నువ్వు చెయ్యి. మీ గైడేగా. ఎన్ని పత్రాలు, ఒక్కొక్కదానికి ఎన్ని సైటేషన్లు. అంతే. పొగడ్తలేం వద్దు."

ఆయన చెడ్డవారు కాదు. వానలో గొడుగు లేనివాళ్ళకు తన గొడుగిచ్చి తాను తడుస్తూ వెళ్ళే మనిషి. లెక్క దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆయనకు తడి ఉండదు.

నివేదిక ఎందుకంటే, భాండారంలో ఏటా కోత ఉంటుంది. ఒక పత్రాన్ని గడిచిన పదేళ్ళలో కనీసం ఐదుగురు పండితులు తమ పత్రాల్లో పేరు పెట్టి చెప్పుకొని ఉండాలి. అలా చెప్పుకోవడమే సైటేషన్. లేకపోతే ఎండలు ముదరకముందే, వైశాఖ పౌర్ణమి నాడు, ఆ పత్రాన్నీ దాని వెనకున్న లెక్కలన్నింటినీ తుడిచేస్తారు. అన్నిటినీ చల్లగా ఉంచేంత కరెంటు లేదు. అది నిజమే.

సాయంత్రానికి లెక్క తేలింది. మేడమ్ రాసినవి ముప్పై ఒక్క పత్రాలు. ముప్పై ఆ ఐదు సైటేషన్ల గీత కిందే ఉన్నాయి. ఒక్కటి మాత్రం నాలుగు వేల పైచిలుకు సైటేషన్లతో భాండారం మొత్తానికే పైవరసలో ఉంది. మళ్ళీ లెక్కపెట్టాను. అంతే వచ్చింది.

ఫాల్గుణ బహుళ చవితి

డాక్టర్ మట్టపర్తి ఇందుమతి గారు మామిడికాయ ముక్కలకు ఉప్పూ కారం అద్దుకుంటూ నా లెక్క విన్నారు. ఆవిడకు అరవై దాటాయి. నలభై ఏళ్ళుగా డేటాబేసుల మీదే పని.

"నాలుగు వేలా? ఏ దిక్కుమాలినదానికి?"

"మీ మొదటి పత్రానికండి. 'నిల్వ నిండినప్పుడు దేన్ని మరవాలి' అన్నదానికి."

ఆవిడ ముక్కను గిన్నెలో పడేశారు. ఆ పత్రం ఆధారంగానే భాండారం వాళ్ళు కోత యంత్రాన్ని తయారు చేశారు. ప్రతి ఏటి కోత ఉత్తర్వులోనూ, కోత మీద రాసే ప్రతి పత్రంలోనూ దాని పేరు ఉంటుంది. తుడిచినకొద్దీ దాని సైటేషన్లు పెరుగుతాయి.

"ఇరవై ఆరేళ్ళప్పుడు రాశానే అది. అప్పుడు నాకు యంత్రాలు కనిపించేవి, వాటి ముందు కూర్చున్నవాళ్ళు కనిపించేవాళ్ళు కాదు. వెనక్కి తీసుకుంటానని రెండుసార్లు అడిగాను. ఇంత మంది చెప్పుకునేదాన్ని తీయడం కుదరదట."

"మిగతా ముప్పై పోతే మీ పేరు మీద అదొక్కటే ఉంటుందండి."

"తెలుసు," అన్నారు. "ఇందుమతి ఎవరమ్మా అని రేపెవరైనా అడిగితే, తుడవడం నేర్పిన మనిషి అంటారు."

ఆ ముప్పైలో ఒకటి 'రెండు మాటల పద్ధతి'. నా సిద్ధాంత గ్రంథం మొత్తం దాని మీదే నిలబడి ఉంది. అది పోతే నాదీ నిలవదు. కానీ మేడమ్ ముందు ఆ మాట అనలేదు. ఆవిడే అన్నారు. "నీ పట్టా సంగతేంటి పిల్లా? మీ అమ్మ నన్ను ఊరికే వదుల్తుందా?"

చైత్ర శుద్ధ విదియ

మేడమ్ పత్రాలు ఎందుకు గీత కిందికి దిగాయో ఇవాళ తెలిసింది. నిరుటి కోతలో ఆవిడ పేరు చెప్పిన పత్రాలు కొన్ని పోయాయి. పోయిన పత్రం చెప్పిన మాట లెక్కకు రాదు. ఈ ఏడు మేడమ్ పత్రాలు పోతే, వాటిలో పేరున్నవాళ్ళకు వచ్చే ఏడు తగ్గుతుంది. ఆపై ఏడు ఇంకొంతమంది. ఒకరు దిగితే ఇంకొకరిని కిందికి లాగుతున్నారు. పేజీలు తిరగేసి ఎవరు లాగారో చూసే తీరిక ఎవరికీ లేదు.

ఫణీంద్రకు చెప్పాను. నా తరగతివాడే. నాకంటే ముందే పట్టా తెచ్చుకుని పండితుల్లో చేరాడు. మా ఈడువాళ్ళలో అందరికంటే ఎక్కువ సైటేషన్లు వాడివే.

"దీనికింత మాడు మొహమా? మాతో వియ్యం కలుపుకోండి," అన్నాడు.

వాళ్ళు పన్నెండు మంది. ఒకరి పత్రంలో మిగతా పదకొండు మంది పేర్లూ రాసుకుంటారు. దాన్నే వాళ్ళు వియ్యం అంటారు.

"మొన్న నేను రాసింది రొయ్యల చెరువుల మీద. దాంట్లో పాత చేతిరాతలు చదివే యంత్రం గురించి పదకొండు సైటేషన్లు పెట్టాను. రొయ్యకీ చేతిరాతకీ ఏంటి సంబంధమని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు హైమా. పేర్లు పంపు. పౌర్ణమికి మీ మేడమ్ గట్టెక్కుతుంది. బదులుగా ఆవిడ కూడా మా పన్నెండు మంది పేర్లు రాయాలి, అంతే."

మేడమ్‌కు చెప్పాను. ఆవిడకు తెలియకుండా చేసే పని కాదు కదా.

"ఆ అబ్బాయి నా పత్రం ఏదైనా చదివాడా?"

"లేదండి."

"అయితే వద్దు. చదవనివాళ్ళ నోట్లో నా పేరెందుకు?"

నాకు ముందు కోపం వచ్చింది. పౌర్ణమికి ఎన్నో రోజులు లేవు. కానీ నీళ్ళ గది దగ్గరకు వచ్చేసరికి ఆవిడ అన్నదే నాకూ సరిగ్గా అనిపించింది. ఫణీంద్రకు వద్దని చెప్పాను. "పోనీలే, పెళ్ళికూతురే వద్దంటే ఏం చేస్తాం," అని రొయ్యల దగ్గరికి వెళ్ళిపోయాడు.

చైత్ర శుద్ధ అష్టమి

కొత్త వడపోత గుడ్డల కోసం నీళ్ళ పడవలో ఏడో లంకకు వచ్చాను. లంక అంటే పాత పేరే. ఇప్పుడు నేల కనిపించదు. ఇనుప కాళ్ళ మీద ప్లాంటు, దాని చుట్టూ డ్రమ్ముల మీద తేలే ఇళ్ళు.

వచ్చేసరికి షిఫ్టు మారుతోంది. ఇక్కడ దాన్ని ఒప్పగింత అంటారు. దిగే మనిషి ట్యాంకుల నీళ్ళు ఒక్కొక్క గుక్క తాగి, యంత్రం ముందు నిలబడి తన పేరుతో సహా చెప్పాలి. ఎక్కే మనిషి కూడా తాగి చెప్పాలి. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఇవాళ మాత్రం మొదటిసారి విన్నట్టు విన్నాను.

అచ్చాయమ్మ పిన్ని చెప్పింది. "నేను అచ్చాయమ్మని. మూడో ట్యాంకు సూసేను, తీపి. నాలుగోది సూసేను, ఉప్పు తగుల్తంది. సూడ్డం నాకు నేర్పింది నూకరత్నం. నూకరత్నానికి నేర్పింది ఇందుమతమ్మ."

తర్వాత అమ్మ తాగింది. "నేను నూకరత్నాన్ని. మూడోది సూసేను, తీపి. నాలుగోది సూసేను, తీపే. సూడ్డం నాకు నేర్పింది ఇందుమతమ్మ."

యంత్రం మీద ఎర్రదీపం వెలిగింది.

"తీపేంటే," అంది పిన్ని. "నా నాలిక అబద్దం సెప్తందా?"

"పొద్దుట్నుంచీ ఆవకాయబద్ద సప్పరిస్తా కూకుంటే నాలిక్కి ఉప్పు తగలక ఏం తగుల్తాదే?"

"నువ్వు పెట్టిన ఆవకాయే గదా. ఆ మాత్రం ఉప్పు ఉంటాది మరి."

ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు, కానీ ఎవరూ తన మాట మార్చలేదు. యంత్రం రెండు మాటలూ రెండు పేర్లతో ఉంచింది. మూడో మనిషి వెళ్ళి స్వయంగా తాగి చెప్పేదాకా దీపం ఆరదు, నాలుగో ట్యాంకు తెరుచుకోదు. అదే రెండు మాటల పద్ధతి.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు. చివర చెప్పిన మాటే మిగిలేది, ముందు మాట చెరిగిపోయేది. ఒకసారి 'ఉప్పు' అన్న మాట మీద 'తీపి' అన్న మాట పడి ఉప్పునీళ్ళు ఇళ్ళకు వెళ్ళాయి. పసిపిల్లలు విరేచనాలతో పడిపోయారు. కొండ మీద యంత్రాల గొట్టాలు తుప్పు పట్టాయి. అప్పుడు మేడమ్ వచ్చి రెండేళ్ళు ప్లాంటులోనే ఉండి ఈ పద్ధతి పెట్టారు. పేరుతో చెప్పాలన్నది ఆవిడ పెట్టిన నియమం. ఎవరు నేర్పారో కూడా చెప్పడం ఈ ఆడవాళ్ళు తమంతట తాము కలుపుకున్నది.

పదకొండు ప్లాంట్లలో, ప్రతి ఒప్పగింతలో, ఇన్నేళ్ళుగా ఆవిడ పేరు చెబుతూనే ఉన్నారు. అంతా యంత్రాల్లో ఉంది. శేషశయనం గారికి చూపించడానికి ఆ మాటలు చెప్పినవాళ్ళ పేర్లన్నీ పోగు చేసుకున్నాను.

చైత్ర పౌర్ణమి

"ఎవరమ్మా వీళ్ళంతా?" అన్నారు శేషశయనం గారు.

"ప్లాంటు మనుషులండి."

"పండిత సంఖ్య?"

"లేదండి. బడికి వెళ్ళినవాళ్ళు కాదు."

పట్టాతో పాటు వచ్చే ఆ సంఖ్య ఉన్నవాళ్ళ సైటేషనే లెక్కకు వస్తుంది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నేను కూర్చోకుండానే చెప్పాను. "ఎవరి పని మీద నిలబడి మనం పని చేస్తున్నామో పేరు పెట్టి చెప్పడమే సైటేషన్ అని మొదటి ఏడు మాకు పాఠం చెప్పింది మీరేనండి. వీళ్ళు చేస్తున్నది అదే కదండి. మీ ముందున్న గ్లాసులో నీళ్ళు కూడా ఆ పేరు చెప్పాకే కొండెక్కాయి."

ఆయన గ్లాసు వైపు చూశారు. తాగలేదు, పక్కకు జరపలేదు.

"నువ్వు చెప్పింది నిజమే," అన్నారు. "లెక్కలోకి రాదు."

"నిజమైతే ఎందుకు రాదండి?"

"సంఖ్య లేనివాళ్ళను కలిపితే ఎక్కడ ఆపాలి అమ్మాయ్? రేపు పడవవాళ్ళు వస్తారు, ఎల్లుండి వంటవాళ్ళు వస్తారు."

"రానివ్వండి."

ఆయన నా సిద్ధాంత గ్రంథం తెరిచి నా వైపు తిప్పారు. గొంతు తగ్గించి, మంచి చెప్పేవాళ్ళు చెప్పినట్టే చెప్పారు. "ఇందులో 'రెండు మాటల పద్ధతి' అని ఉన్న చోటల్లా ఆవిడ మొదటి పత్రం పేరు పెట్టెయ్యి. అది ఎప్పటికీ ఉంటుంది. నీ పట్టా ఉంటుంది, నీకు సంఖ్య వస్తుంది. మీ ఇంట్లో మొదటి సంఖ్య. ఆవిడ పేరు కూడా పోదు కదా."

నేను నా గదికి వచ్చి గ్రంథం ముందు కూర్చున్నాను. ఒక్క చోట కూడా మార్చలేదు. మార్చను. నాకు నేర్పింది ఒకటైతే ఇంకొకటి నేర్పిందని రాయను.

చైత్ర బహుళ పంచమి

వడపోత గుడ్డ ఉతుకుతుంటే ఒక దారి తట్టింది. గుడ్డ సగంలో వదిలేసి మేడమ్ దగ్గరికి పరిగెత్తాను.

ఆ ఉప్పునీళ్ళ గొడవ తర్వాత ఒక చట్టం వచ్చింది. ప్లాంటులో మనిషి 'చూశాను' అని పేరుతో చెప్పిన దేన్నీ ప్లాంటు రికార్డులోంచి భాండారం తుడవడానికి లేదు. భాండారం 'లేదు' అని, ప్లాంటు 'ఉంది' అని అంటే రెండూ ఉంచాలి. ఎవరో ఒకరు ప్లాంటుకు వెళ్ళి, కళ్ళతో చూసి, పేరు పెట్టి తేల్చాలి. భాండారం యంత్రాలు రోజూ లంకల నుంచి రికార్డు తెచ్చుకునేది ఈ పద్ధతి ప్రకారమే. దాన్ని ఆపితే నీళ్ళు ఆగుతాయి. ఆపలేరు.

చట్టంలో 'ట్యాంకు' అని ఎక్కడా లేదు. 'ప్లాంటులో చూసినది' అని మాత్రమే ఉంది.

మేడమ్ ముప్పై పత్రాలూ ఏడో లంక యంత్రంలో ఉంటే, వాటిని చూశామని అక్కడి మనుషులు చెబితే, భాండారం వాటిని తుడిచినా తేడా తేలేదాకా పోయినట్టు కాదు.

మేడమ్ అంతా విన్నారు. తర్వాత, "ఎవరి పేరు మీద పెడతావు?" అన్నారు.

"పెట్టింది నేను కాబట్టి నా పేరు మీదే పెడతానండి."

"నీకు సంఖ్య రానివ్వరు."

"రాకపోతే మా అమ్మలాగే సంఖ్య లేకుండా పని చేసుకుంటానండి."

"మీ అమ్మ ఆ మాట వింటే నిన్ను ట్యాంకులో ముంచుతుంది," అన్నారు.

చైత్ర బహుళ దశమి

నిజంగానే ముంచేటట్టు ఉంది.

"పట్టా పోద్దా?" అంది అమ్మ. వడపోత పొరల మీద ఉప్పు గీకుతున్న చెయ్యి ఆపలేదు. "నీకు సదువొచ్చిందని ఈ లంకంతా సెప్పుకుని తిరిగేనే నేను. ఇప్పుడు ఏం సెప్పమంటావు? మా పిల్ల పంతులమ్మ కోసం సదువు మానేసిందని సెప్పమంటావా?"

"మానట్లేదమ్మా. నేను నేర్చుకున్నది ఎవరి దగ్గరో చెప్తున్నాను. నువ్వు రోజూ చెప్తావు కదా."

"నేను సెప్తే నా జీతం పోదు."

"పోతే మానేస్తావా? రేపటి నుంచి ఆవిడ పేరు చెప్పకుండా ఒప్పగింత చెయ్యమంటే చేస్తావా?"

అమ్మ గీకడం ఆపింది. నా మొహం చూడకుండా అచ్చాయమ్మ పిన్నిని పిలిచింది. "ఓసే, ఇది నా మాటే నాకు అప్పజెప్తంది సూడు."

ఇంకో చిక్కు ఉంది. ప్లాంటు యంత్రంలో చోటు లేదు. పత్రాలు పొట్టివే, వాటి వెనక ఏళ్ళ తరబడి లెక్కలున్నాయి. ట్యాంకుల రికార్డు కదిలించడానికి లేదు. తీసేయగలిగింది ఒక్కటే, ఆడవాళ్ళు తీరికలో చూడటానికి యంత్రంలో దాచుకున్న సీరియల్.

"సీరియలా?" అంది పిన్ని. "ఆ కోడలు జైల్లోంచి వచ్చేదాకా నేను సావను. ఆ తరవాత తీసుకో."

"ఆ కోడలు జైల్లోకెళ్ళి మూడేళ్ళయింది," అంది అమ్మ. "నువ్వు ముందు ముసలిదానివైపోతావు."

గంటసేపు వాదించుకున్నారు. ఏ భాగాలు పోయినా బాధ లేదు, ఏవి పోతే ఏడుపొస్తుంది, ఏవి అందరికీ కంఠతా వచ్చు అని ఒక్కొక్కటే తేల్చారు. పెళ్ళి భాగాలు తీసేశారు. జైలు ఉంచారు. అత్తగారు చచ్చిపోయిన భాగం ఉంచాలని పిన్ని పట్టుబట్టింది. అందరూ ఒప్పుకున్నారు.

చోటు సరిపోయింది.

వైశాఖ శుద్ధ చవితి

అమ్మ పెట్టిన నియమం ఇది. "సూడకుండా సూసేనని సెప్పను. నాకు సదువు రాదు. నువ్వు సదివి సెప్పు, నాకు అర్థమయితే సూసేనంటాను. కాకపోతే అనను."

అందుకని లంకలోనే ఉండి రోజూ చదువుతున్నాను. ఉప్పు గీకే పని దగ్గర కూర్చుని, వాళ్ళ మాటల్లో చెబుతున్నాను. కొన్ని పత్రాలు తేలిక. లైను తెగిపోయిన రెండు ప్లాంట్లు మళ్ళీ కలిసినప్పుడు ముందు ఎవరి మాట వినాలో చెప్పే పత్రానికి పిన్ని అంది, "తెగిపోయి కలిసిన అప్పాచెల్లెళ్ళ లాగన్నమాట. ముందు ఇద్దరినీ ఏడవనియ్యాలి." కొన్ని నాకే సరిగ్గా అర్థం కాలేదని చెబుతుంటే తెలిసింది. అప్పుడు లైను కలిపి మేడమ్‌ను అడుగుతున్నాను. ఆవిడ విసుక్కుంటూ చెబుతున్నారు. విసుక్కుంటున్నారే గానీ నేను పిలిచే వేళకు లైను దగ్గరే ఉంటున్నారు.

ఇవాళ మూడు పత్రాలు ఎక్కాయి. "నేను నూకరత్నాన్ని. మూడో ట్యాంకు సూసేను, తీపి. ఇందుమతమ్మ పత్రం, నీళ్ళు పంచుకునే లెక్క మీద రాసింది, ఇక్కడుంది. సూసేను." కింద పెట్టినవారి పేరు, పోతాబత్తుల హైమ.

వైశాఖ శుద్ధ ద్వాదశి

ముప్పై అయ్యాయి. మేడమ్‌కు చెప్పాను.

"ముప్పయ్యా? నేను రాసినవి ముప్పై ఒకటి."

"మొదటిది పెట్టలేదండి. అదెలాగూ భాండారంలో ఉంటుంది. పైగా మీకు అదంటే..."

"అదీ నాదే. పెట్టు."

"దాన్ని వెనక్కి తీసుకోవాలని మీరే అన్నారు కదండి."

"అన్నాను. కానీ నాకు నచ్చనిదాన్ని తీసేసి నచ్చినవి ఉంచుకుంటే నేనూ కోత యంత్రాన్నే కదే. రెండూ నా మాటలే. రెండూ ఉండనీ." మళ్ళీ తనే అడిగారు. "మీ వాళ్ళు సీరియల్‌లో ఏం తీశారన్నావు?"

చెప్పాను. జైలు సంగతి, అత్తగారి సంగతి కూడా చెప్పాను. మేడమ్ నవ్వుతున్నట్టు లైనులో వినిపించింది. "నలభై ఏళ్ళ కిందట నేనది రాసేటప్పుడు మీ అచ్చాయమ్మను అడిగి ఉంటే బాగుండేది. పోతే ఎవరికి ఏడుపొస్తుందో వాళ్ళే కూర్చుని తేల్చుకోవాలని ఒక్క వాక్యం రాయలేకపోయాను."

మొదటి పత్రం చదివి చెప్పినప్పుడు అమ్మకు నచ్చలేదు. అయినా ఉంది కాబట్టి ఉందని చెప్పింది.

వైశాఖ పౌర్ణమి

కోత జరిగింది. మేడమ్ పేరు పక్కన ముప్పై ఒకటి ఉండాల్సిన చోట ఒకటి అని వచ్చింది.

మధ్యాహ్నం సముద్రం పోటు మొదలయ్యాక భాండారం యంత్రాలు రోజులాగే లంకల రికార్డు తెచ్చుకున్నాయి. ఇక్కడ ఎర్రదీపం వెలిగింది. కొండ మీద కూడా వెలిగే ఉంటుంది. ముప్పై తేడాలు. భాండారం లేదంటోంది, ఏడో లంక ఉందంటోంది.

పిన్ని దీపం వైపు చూసి, "జైలు కంటే ఇదే బాగుందే," అంది.

వైశాఖ బహుళ తదియ

శేషశయనం గారు లైనులోకి వచ్చారు. ఆ తేడాలు తేలక మూడు రోజులుగా కొండ మీద ఏ రికార్డూ మూత పడట్లేదట.

"ఒక్క దారి ఉంది," అన్నారు. "పెట్టింది నువ్వు కాబట్టి నీ పేరు నువ్వే వెనక్కి తీసుకో. తేడా దానంతట అదే తేలిపోతుంది. నేనెవరికీ చెప్పను. నీ గ్రంథం నా బల్ల మీదే ఉంది, సంతకం ఒక్కటే తక్కువ."

"తీసుకోనండి."

"తొందరపడకు. రేపటిదాకా ఆలోచించుకో."

"రేపు కూడా ఇదే చెప్తానండి. మళ్ళీ పిలిచి మీకు శ్రమ ఎందుకు?"



"అయితే నేను వచ్చి చూసి, లేదని చెప్పాల్సి వస్తుంది."

"రండి," అన్నాను. "చూసి చెప్పండి."

అమ్మ పక్కనే ఉండి అంతా వింది. రాత్రి అన్నంలో నాకు పెద్ద చేపముక్క పడింది.

వైశాఖ బహుళ సప్తమి

శేషశయనం గారు నీళ్ళ పడవలో దిగారు. అలలకు మొహం పాలిపోయింది. అమ్మ కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చింది.

"తొందరగా తేల్చుకుని ఇదే పడవలో వెళ్ళిపోతానమ్మా," అన్నారు ఆయన. "యంత్రం ముందు ఏం చెప్పాలి?"

"ఆయ్, ముందు సూడాలండి," అంది అమ్మ.

"ఏం చూడాలి?"

"పత్రాలండి. మేం ట్యాంకు తాగి సెప్తామండి. మీరు సదివి సెప్పాలండి. సదవకుండా లేదని ఎలా సెప్తారండి? ఇక్కడెవరూ అలా సెప్పరండి."

ఆయన నా వైపు చూశారు. చట్టం నాకంటే ఆయనకే బాగా తెలుసు. పడవ సరుకు దించుకోవడానికి రెండు గంటలు పడుతుంది. ఆ ముప్పైలో మొదటిది తెరిచారు.

నేను దూరంగా కూర్చుని పొరలు గీకుతూ చూశాను. మొదట్లో తిప్పేశారు. తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకుని వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివారు. మజ్జిగ గ్లాసు మీద ఈగ వాలినా చూసుకోలేదు. రెండోది అయ్యాక లేచి యంత్రం ముందుకు వెళ్ళారు. "నేను గుండవరపు శేషశయనాన్ని. మొదటిది చూశాను, ఉంది. రెండోది చూశాను, ఉంది." ఇద్దరి మాటా కలవగానే రెండు తేడాలు తేలిపోయాయి.

మూడోదీ అలాగే చదివి చెప్పి, నాలుగోదాని మధ్యలో ఆగిపోయారు. వేలితో ఏదో లెక్క వేసుకున్నారు.

"అమ్మాయ్, ఇలా రా. ఇది తప్పు."

నేను చూశాను. లైను తెగినప్పుడు మూడు ప్లాంట్లు ఒక్కసారే మాట్లాడితే ఏం చేయాలన్న చోటు అది.

"ఎందుకండి?"

"ఇద్దరైతే సరిపోతుంది. ముగ్గురైతే మూడోవాడి మాట ఎప్పటికీ వినపడదు. ఇంత స్పష్టంగా ఉంటే ఇరవై ఏళ్ళుగా ఒక్కరూ తప్పని రాయలేదా?"

"చదివినవాళ్ళు లేరు కదండి, తప్పని రాయడానికి."

కింద నుంచి పడవవాడు కేక వేశాడు. సరుకు దిగిపోయింది, పాటు తీసి నీళ్ళు తగ్గిపోతున్నాయి, ఇప్పుడు కదలకపోతే రేపటిదాకా కుదరదన్నాడు.

"దీనికి జవాబు రాయాలి," అన్నారు శేషశయనం గారు, తనలో తాను అనుకున్నట్టు.

"రాయండి. మీ పేరుతో, ఆవిడ పేరు పెట్టి రాయండి."

"రాస్తే అది సైటేషన్ అవుతుంది."

"అవుతుందండి."

ఆయన ఆ పేజీ ఇంకోసారి చూశారు. తర్వాత కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పడవవాణ్ణి వెళ్ళిపొమ్మని ఊపారు.

నేను లైను కలిపాను. మేడమ్ వెంటనే పలికారు.

"ఏమైంది? లేదన్నాడా?"

"అనలేదండి. లైను తెగినప్పటి సంగతి రాసిన మీ పత్రంలో తప్పుందంటున్నారు శేషశయనం గారు."

అటు నుంచి కుర్చీ జరిగిన చప్పుడు వచ్చింది. కాగితాలు వెతుకుతున్న చప్పుడు వచ్చింది.

"ఎక్కడ?" అన్నారు మేడమ్. ఆవిడ గొంతులో అంత ఆత్రం నేనెప్పుడూ వినలేదు. "ఏ పేజీ? ఆయనకివ్వు, ఆయనకివ్వు."